ఎర్రమిట్ట రోగాలకు చాటింపు

ఒక ఊరి బీపీలనూ షుగర్లనూ ఆ ఊరి నడిబజార్లోనే డప్పు కొట్టించి చాటించిన ఘనుడెవరని ఎప్పుడైనా పందెం వస్తే, ధైర్యంగా నా పేరు మీద కాయండి. ఓడిపోరు. నా పుణ్యాన ఒక రెడ్డిగారికి ఊరగాయ దూరమైంది, ఒక డాక్టరమ్మ ఇచ్చిన మాట నీళ్లపాలు కాబోయింది, మామిడిపండుకూ నాకూ మధ్య మాటలు లేకుండా పోయాయి. ఇదంతా రెండే రెండు రోజుల్లో, ఒక కుర్చీ మీద ఆశతో చేశాను.

నా పేరు మహబూబ్ బాషా. బనగానపల్లెలో డాక్టర్ సరోజమ్మగారి పది పడకల ఆస్పత్రిలో ఇరవై ఏళ్లుగా కాంపౌండర్ని. సూది వేస్తాను, కట్టు కడతాను, చీటీలు రాస్తాను, వరస తప్పి లోపలికి తోసుకొచ్చేవాళ్లను బయటికి తోస్తాను. అయితే ఈ కథలో ఉన్నది మూడేళ్ల కిందటి బాషా. వాడు అప్పుడే నంద్యాలలో నలభై రోజుల కంప్యూటర్ కోర్సు ముగించి, సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి, మందుల అలమర పైన తగిలించుకున్నాడు. దాని కింద నిలబడితే తాను కాంపౌండర్నన్న సంగతి వాడికి గుర్తుండేది కాదు. వాడంటే నాకిప్పుడు కొంచెం జాలి, కొంచెం కోపం.

ఆ వేసవిలో ప్రభుత్వ పథకం ఒకటి మా ఆస్పత్రి దాకా వచ్చింది. ఆస్పత్రులు కాగితాల కట్టలు వదిలేసి రోగుల వివరాలు కంప్యూటర్లో పెట్టాలి. ప్రతి రోగికీ ఒక ఆరోగ్య నంబరు తీసి, రికార్డును దానికి జతచెయ్యాలి. నెలలో ఒక లెక్క దాటి రికార్డులు ఎక్కిస్తే, ఎక్కించిన ఒక్కో రికార్డుకూ ప్రభుత్వమే ఆస్పత్రికి ఎదురు డబ్బిస్తుంది. దాన్ని ప్రోత్సాహకం అంటారు. ప్రభుత్వం మమ్మల్ని కాగితాలు అడగడం ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను గాని, డబ్బిస్తాననడం అదే మొదటిసారి.

"చేయగలవా బాషా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎడమ చేత్తో చేస్తానమ్మా."

"కుడి చేత్తోనే చెయ్యి. ఆ కాగితాల గది ఖాళీ అయితే ఇంకో రెండు మంచాలు పడతాయి. డబ్బులొస్తే నీకేం కావల్ల?"

ఆలోచించాల్సిన పని లేకపోయింది. "చక్రాల కుర్చీ అమ్మా."

"కాళ్లు బాగానే ఉండాయి కదప్పా నీకు."

"అది కాదమ్మా. బ్యాంకు మేనేజరు కూర్చోనుంటాడే, అది. ఇట్ల తిప్పితే అట్ల తిరుగుతాది."

డాక్టరమ్మ నవ్వింది. "సరే. డబ్బులొచ్చిన రోజు నీకు తిరిగే కుర్చీ. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ప్రతి మనిషినీ అడిగి, ఒప్పుకుంటేనే ఎక్కించు. రోగం వాళ్లది. మనది కాదు."

"అట్లే అమ్మా," అన్నాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నేనైతే సోమలింగానికి కుర్చీ కూడా కొని, అందులో వాణ్ని రెండు చుట్లు తిప్పేశాను.

అడిగి ఒప్పించడానికి పద్ధతి ఓటీపీ. రోగి ఆధార్ నంబరు కొడితే, ఆధార్‌కు జతగా ఇచ్చిన ఫోనుకు ఆరంకెలు వస్తాయి. ఆ అంకెలు రోగి నాకు చెప్పాడంటే ఒప్పుకున్నట్టు లెక్క. వినడానికి సులువుగా ఉంది కదా. ఒకామె ఫోను కొడుకు దగ్గరుంది, కొడుకు బళ్లారిలో ఉన్నాడు. ఒకాయన ఫోను బావిలో ఉంది. ఇంకొకాయన, "ఎవురికీ ఓటీపీ చెప్పాకండని బ్యాంకోళ్లు చెప్పినారప్పా, నీకు యాల చెప్పల్ల?" అని, నేనేదో ఆయన జేబులో చెయ్యి పెట్టినట్టు చూశాడు. నెలలో ఇరవై ఏడు రోజులు గడిచాయి. రికార్డులు పదిహేడు ఎక్కాయి. కుర్చీ నా కళ్ల ముందే వెనక్కి దొర్లిపోతోంది.

అప్పుడు మా అత్తగారి ఊరు గుర్తుకొచ్చింది.

ఎర్రమిట్ట బనగానపల్లెకు పది కిలోమీటర్లు. చిన్న ఊరు. ఊరి అల్లుడు ఉన్నాడన్న ధీమాతో అక్కడి జనమంతా తుమ్మినా దగ్గినా మా ఆస్పత్రికే వస్తారు. ఆ ఊళ్లో ఒక విచిత్రం ఉంది. ఆధార్ కొత్తగా వచ్చినప్పుడు ఊరి బడిలో క్యాంపు పెట్టి, జనాన్ని పిలుచుకురమ్మని తలారి సుంకన్నను పురమాయించారు. ఫోను నంబరు చెప్పమంటే, ఫోను లేనివాళ్లు ఏం చెప్తారు? పిలుచుకొచ్చినవాడి నంబరు చెప్పారు. ఫోను ఉన్నవాళ్లు కూడా, సర్కారు సంగతి సుంకన్న చూసుకుంటాడులే అని ఆయన నంబరే ఇచ్చారు. అప్పుడు కొత్త అల్లుడిగా రంజాన్‌కు వెళ్లిన నేనూ, కడుపునిండా బిర్యానీతో మళ్లీ బనగానపల్లెలో వరసలో ఎవరు నిలబడతారులే అని, ఆ క్యాంపులోనే వేలిముద్రలు వేసి అదే నంబరు ఇచ్చాను. ఆ సంగతి తర్వాత మరిచిపోయాను. మీరు మాత్రం మరిచిపోకండి.

ఆనాటి నుంచి ఊరందరి గ్యాసు మెసేజీ, రేషను మెసేజీ, పింఛను మెసేజీ సుంకన్న ఫోనుకే వస్తాయి. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగు బాగా చదువుతాడు. సాయంత్రం జనం పాలు పొయ్యడానికి పాలకేంద్రం దగ్గర చేరినప్పుడు, వాళ్ల నాయన కాలం నుంచి వస్తున్న పద్ధతిలోనే డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి చాటుతాడు. "గోవిందమ్మా, నీ గ్యాసు రేపొస్తాది, ఇంటికాడ ఉండు." అంతే, గోవిందమ్మ ఇంటి దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి గాని, ఆ నంబర్లు మార్పించుకోవాలని ఎవరికీ తోచలేదు. సుంకన్న ఉండగా ఎందుకు తోస్తుంది?

అందరి ఓటీపీలూ ఒక్క ఫోనుకే వచ్చేటప్పుడు అందరినీ పిలవడం ఎందుకు? ఆ ఒక్కణ్నీ పిలిస్తే పోలా? ఇంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అని ఆ రోజు నాకే ఆశ్చర్యం వేసింది. ఇప్పుడూ వేస్తుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా సుంకన్న ఆటో దిగాడు. అరవై దాటిన మనిషి, తలకు ఉతికిన రుమాలు చుట్టుకుని, సర్కారు పనంటే వచ్చే గాంభీర్యంతో వచ్చాడు.

"ఏమప్పా అల్లుడా, ఏం పని?"

"ఈడ కూర్చోని నీ ఫోనుకు వచ్చే అంకెలు చెప్తాండు సుంకన్నా. అంతే. మీ ఊరోళ్ల రోగాల కాగితాలు సర్కారు కంప్యూటర్లో పెడుతాండాం."

"వాళ్లనడిగినావా?"

"అడిగినాలే," అన్నాను.

చూశారా, ఎంత చిన్న అబద్ధమో. కాకపోతే ఊరంత పెరిగింది.

టీ తెప్పించాను, బోండాలు తెప్పించాను, పని మొదలుపెట్టాను. సుంకన్నది ఊరి చివరి ఇంటిదాకా వినబడాలని నలభై ఏళ్లు సాధన చేసిన గొంతు. ఆయన "నాలుగు" అంటే లోపల గ్లూకోజు ఎక్కుతున్న రోగి లేచి కూర్చున్నాడు.

"మెల్లగ చెప్పు సుంకన్నా, నేను పక్కనే ఉండా."

"ఇది మెల్లగనేనప్పా."

ఆ కంప్యూటర్ తెర అడుగున ఒక చిన్న గడి ఉండేది. దాంట్లో టిక్కు పెడితే, రోగం సంగతి రెండు ముక్కల్లో సాయంత్రం ఐదు గంటలకు రోగి ఫోనుకు మెసేజీగా పోతుంది. పెట్టకపోయినా ఎవరూ అడగరు. కానీ మా కోర్సులో తెలుగు టైపింగు పూర్తిగా నేర్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే. ఆ విద్య అడవి కాచిన వెన్నెల కావడం నాకిష్టం లేదు. అందుకని ప్రతి రికార్డుకూ టిక్కు పెట్టి, ఎవరికైనా అర్థమయ్యేలా చక్కటి తెలుగులో రాశాను. "బీపీ ఎక్కువ. ఉప్పు తగ్గించాలి. ఊరగాయ మానాలి." రోగి తన జబ్బు తన భాషలో చదువుకుంటాడు కదా అని పొంగిపోయాను. మరి రోగి ఫోను ఎవరి దగ్గరుంది? నా పక్కన బోండా తింటున్న మనిషి జేబులో ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఒక రకం తెలివితక్కువతనం. శంఖం ఊదేవాడి చెవిలో ఊరి గుట్టంతా పొయ్యడం ఇంకో రకం.

రెండో రోజు రాగానే సుంకన్న ఏదో చెప్పబోయాడు. "అల్లుడా, నిన్న మాపున రెడ్డి మెసేజీ వచ్చినాది..."

"మెసేజీలు వస్తాంటాయి లే సుంకన్నా. నువ్వు అంకెలు చెప్పు."

ఆయన అంకెలు చెప్పాడు. దేవుడు మనిషికి రెండు చెవులు ఇచ్చేది ఇలాంటి సమయాలకే. ఆ రోజు నేను వాటిని కళ్లజోడు తగిలించుకోవడానికి వాడుకున్నాను.

మధ్యాహ్నానికి మగవాళ్ల ఫైళ్లు అయిపోయాయి. ఆడవాళ్ల ఫైళ్లు డాక్టరమ్మ గదిలో వేరే అలమరలో ఉంటాయి. ఆమె కాన్పు చేయడానికి లోపలికి వెళ్లినప్పుడు, ఎర్రమిట్ట ఫైళ్లన్నీ చంకన పెట్టుకొచ్చాను. పేర్లు చూడలేదు. చేతులు టైపు చేస్తున్నాయి, బుర్ర కుర్చీలో కూర్చుని తిరుగుతోంది. నాలుగింటికి లెక్క చూస్తే కావలసినదానికి సరిగ్గా ఒకటి తక్కువ. ఆ ఒక్కటి కోసం ఎవరి కాళ్లు పట్టుకోవాలి? నా ఫైలే తీశాను.

సుంకన్న ఫోను మోగింది. ఆయన తెర మీద పేరు చూసి నావైపు చూశాడు. "ఇది నీదా అల్లుడా? ఎక్కించమంటావా?"

"ఎక్కించు, ఎక్కించు. నాకేం దాపరికం?"

ఆయన అంకెలు చెప్పి, చివరి బోండా పొట్లం కట్టుకుని ఆటో ఎక్కాడు. నేను లెక్క దాటిందని డాక్టరమ్మకు చెప్పాను. "అందరూ ఒప్పుకున్నారా?" అని ఆమె అడిగింది. "సంతోషంగా అమ్మా," అన్నాను.

ఐదుంబావుకు ఆస్పత్రి ముందు జీపు ఆగింది. దిగినాయన ఎర్రమిట్ట శేషారెడ్డి. ఊళ్లో పెద్ద రైతు, డెబ్బై ఏళ్ల మనిషి. మనిషి మంచివాడే, మీసం మాత్రం కోపిష్టిది.

"డాక్టరమ్మా, నా బీపీ సంగతి ఊర్లో డప్పు కొట్టి చాటించినావంటనే?"

"ఏమంటాండారు రెడ్డిగారూ?"

"నిన్న మాపున పాలకేంద్రం కాడ సుంకన్న చాటినాడు. శేషారెడ్డికి బీపీ ఎక్కువుండాది, ఊరగాయ మానల్ల, ఎవురూ పెట్టాకండి అని. పొద్దునకు మా ఇంట్లో నాలుగు జాడీలూ పక్కింటికి పోయినాయి. మధ్యాన్నం చేన్లో కూలోళ్ల సద్దిలో రోంత ఊరగాయ పెట్టండప్పా అంటే, ఇయ్యం రెడ్డీ, సర్కారు వద్దన్యాది అన్నారు. డెబ్బై ఏండ్లకు నేను ఊరగాయ అడుక్కోని లేదనిపించుకుంటి."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "బాషా, సుంకన్నకు రెడ్డిగారి బీపీ ఎట్ల తెలిసె?"

నేను చెప్పాను. మొదట కొంచెం చెప్పాను, ఆమె చూపు చూసి మొత్తం చెప్పాను. ఒక్క ఫోను, చిన్న గడి, చక్కటి తెలుగు, అన్నీ చెప్పాను. అడక్కుండా ఎక్కించానని కూడా చెప్పాను.

"ఈ పొద్దు ఎవురెవురివి ఎక్కించినావు?"

కంప్యూటర్లో పేర్లు చదవసాగాను. గోవిందమ్మ, లక్ష్మమ్మ, దస్తగిరమ్మ... అక్కడ డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

దస్తగిరమ్మ రైతుల ఇంటి కోడలు. పీరు పేరు పెట్టుకున్న హిందువులు మావైపు ఊరూరా ఉంటారు, ఆమె ఆ లెక్కలోది. ఆమెకు రెండుసార్లు నిలిచిన కడుపు మూడో నెలలో పోయింది. రెండుసార్లూ ఊరంతటికీ ముందే తెలుసు. ముందు సంతోషం పంచుకోవడానికి వచ్చినవాళ్లే, తర్వాత వరసగా కూర్చుని ఓదార్చిపోయారు. "రెండోసారి ఓదార్చేదానికి వచ్చినోళ్లకు టీ పెట్టింది నేనేనమ్మా," అని ఆమె డాక్టరమ్మతో అన్నప్పుడు, నేను అక్కడే సూది పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈసారి భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అత్తకు కూడా. ఐదో నెల వచ్చేదాకా ఈ సంగతి ఈ గది దాటదని డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మాట ఇచ్చింది. ఆ మాటను నేను చక్కటి తెలుగులో టైపు చేసి తలారి ఫోనుకు పంపాను. "మూడో నెల. ఐరన్ మాత్రలు. బరువులు ఎత్తరాదు."

గోడ గడియారంలో ఐదున్నర. ఎర్రమిట్టలో పాలు పోసేది ఆరింటికి. సుంకన్నకు ఫోను చేశాను. మోగింది గాని ఎత్తలేదు. డప్పు భుజాన వేసుకున్నాక ఆయన ఫోను ఎత్తడు.

"జీపెక్కండి," అన్నాడు శేషారెడ్డి.

దారి సగంలో నాపరాళ్ల ట్రాక్టరు ఒకటి ట్రాలీ ఒరిగి, రాళ్లన్నీ రోడ్డు మీద పరిచి నిలబడి ఉంది. ఇల్లు కడితే హాలుకు సరిపోయేవి. నేను దిగి, ట్రాక్టరతనితో పాటు ఒక్కొక్క రాయీ ఎత్తి పక్కన వేశాను. ఎప్పుడూ సిరంజి కంటే బరువైనది ఎత్తని చేతులు అవి.

"రోంత మెల్లగ ఎత్తప్పా," అన్నాడు రెడ్డి జీపులోంచి. "బీపీ ఉండేది నాకా, నీకా?"

డాక్టరమ్మ మాత్రం దారి పొడుగునా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఊరి పొలిమేర దగ్గర ఒక్కటే మాట అంది. "ఆ పిల్ల మొగం నేనెట్ల చూడల్ల బాషా?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కుర్చీ లేదు, ప్రోత్సాహకం లేదు, సర్టిఫికెట్టు లేదు. ఒక ఆడపిల్ల మళ్లీ వరసగా కూర్చున్న జనానికి టీ పెడుతుందేమోనన్న భయమొక్కటే మిగిలింది.

మేం చేరేసరికి డప్పు చివరి దెబ్బలు వినబడుతున్నాయి. పాలకేంద్రం ముందు ఊరు ఊరంతా ఉంది. జీపు దిగిన నన్ను చూడగానే ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు బహిరంగంగానే నవ్వారు. పాలక్యాను పట్టుకుని వరసలో దస్తగిరమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వుతోంది. ఇదెక్కడి విచిత్రమో నాకు అర్థం కాలేదు.

సుంకన్నను చెయ్యి పట్టుకుని పాలకేంద్రం వెనక్కి లాక్కెళ్లాను. డాక్టరమ్మా రెడ్డీ వెంటే వచ్చారు.

"సుంకన్నా, దస్తగిరమ్మది చాటినావా?"

"యాది?"

"ఆ మెసేజీ. మూడో..."

ఆయన అరచెయ్యి నా నోటి మీద పడింది. "మెల్లగ మాట్లాడు," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు ఆ రోజే తెలిసింది. "చాటలేదు. ఫోన్లోంచి తీసేసినా. మా ఇంటిదానికి గూడా చెప్పలా."

డాక్టరమ్మ అక్కడున్న రాయి మీద కూర్చుండిపోయింది.

"మరి రెడ్డిగారిది చాటితివే?" అన్నాను.

"రెడ్డిది చాటితే ఊరంతా ఊరగాయ దాచిపెడతాది. ఆయప్పకు మేలు. ఈ పాపది చాటితే ఊరంతా నోరు తెరుస్తాది. ఎవురికి మేలు? ఊరు సాయం చేసేది చాటల్ల, ఊరు నోరుపెట్టేది చాటకూడదు. డప్పు చేతికిచ్చిన పొద్దే మా నాయన చెప్పినాడు."

"అయినా రెడ్డిగారిది కూడా ఆయన్ని అడక్కుండ చాటకూడదు కదా సుంకన్నా," అంది డాక్టరమ్మ.

"బాషా అడిగినాడనుకుంటినమ్మా. వాళ్లనడిగినావా అంటే, అడిగినాలే అన్యాడు."

ముగ్గురూ నావైపు చూశారు. నాది నలభై రోజుల కోర్సు. ఆయనది నలభై ఏళ్ల కోర్సు, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు కూడా లేదు.

సిగ్గుతో ఏం చెయ్యాలో తెలియక అడిగాను. "మరి వీళ్లంతా నన్ను చూసి యాల నవ్వుతాండారు?"

"ఓ, అదా," అన్నాడు సుంకన్న. గొంతు మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. "ఈ పొద్దు ఒకటే చాటినా. నీది."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అంతకు నెల ముందు డాక్టరమ్మ నాకు రక్తపరీక్ష చేసింది. షుగరు మూడు వందలు దాటింది. ఇంటికెళ్లి నా భార్య నూర్జహాన్‌తో "అంతా నార్మల్" అని చెప్పాను. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. అది మామిడిపండ్ల కాలం, మాది బనగానపల్లె. ఊరి పేరు పెట్టుకున్న పండును ఊరివాడే తినకపోతే ఇంకెవడు తింటాడు? రోజుకు నాలుగు లెక్కన ఊరి గౌరవం నిలబెడుతున్నాను.

"ఏమని చాటినావు సుంకన్నా?" అన్నాను.

ఆయన డప్పు లేకుండానే మళ్లీ చాటాడు. "మన ఊరి అల్లుడు మహబూబ్ బాషాకు షుగరు మున్నూరు దాటినాది. మామిడిపండ్లు, జిలేబీ, సేమ్యా పాయసం ఎవురూ పెట్టాకండి. యాడన్నా తింటాంటే చూసినోళ్లు నూర్జహాన్‌కు ఫోను చేయల్ల."

"నన్నడగల్ల కదా సుంకన్నా. నాది చాటేముందు నన్నడగల్ల కదా."

"అడిగితి కదప్పా. ఎక్కించమంటావా అంటే, ఎక్కించు, నాకేం దాపరికం అంటివి." ఆయన నా భుజం తట్టాడు. "ఊరందర్లో నోటితో ఒప్పుకున్యది నువ్వొక్కనివే."

శేషారెడ్డి మీసం మొట్టమొదటిసారి నవ్వింది. "పా అల్లుడా," అన్నాడు. "నాకు ఊరగాయ లేదు, నీకు మామిడిపండు లేదు. ఇద్దరం కూర్చోని మజ్జిగ తాగుదాం."

ఇంటికి చేరేసరికి నూర్జహాన్‌కు పదకొండు ఫోన్లు వచ్చాయి. పన్నెండోది మా అత్త చేస్తోంది. వరండాలో ఉండాల్సిన పండ్ల గంప లేదు.

"నార్మల్ అంటివే?" అంది.

"మా ఇంట్లో అందరికీ ఉండేదే కదా. అందుకని నార్మల్ అన్నా."

"ఆ మాట సుంకన్నతో చాటించమంటావా?"

నేను మజ్జిగ తాగి పడుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మ ముందు కూర్చుని, అడక్కుండా ఎక్కించిన ఎర్రమిట్ట రికార్డులన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తీశాను. ఆ నెల ప్రోత్సాహకం పోయింది. తర్వాత ఇంటింటికీ తిరిగి అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను. ఎవరి ఆధార్‌కు వాళ్ల సొంత నంబరు పెట్టించి, మళ్లీ అడిగాను. కొందరు సరేనన్నారు, కొందరు వద్దన్నారు. వద్దన్నవాళ్లకు టీ ఇచ్చి పంపాను. శేషారెడ్డి మాత్రం "నాది ఎక్కించు గానీ ఊరగాయ సంగతి రాయాకు" అన్నాడు. ఆయన బీపీ ఇప్పుడు బాగా దిగింది. నా షుగరూ దిగింది. చాటింపు దెబ్బ మందు కంటే బాగా పనిచేస్తుందని డాక్టరమ్మ ఒప్పుకోదు గాని, మా ఇద్దరి రిపోర్టులు చూసినప్పుడల్లా నవ్వుకుంటుంది.

దస్తగిరమ్మ మొదట వద్దంది. ఐదో నెల నిండిన మర్నాడు సాయంత్రం తనే పాలకేంద్రం దగ్గరికి వెళ్లి, "మామా, ఇంక చాటు," అందట. సుంకన్న మామూలుగా వేసే నాలుగు దెబ్బలకు బదులు ఆ రోజు ఎన్ని వేశాడో లెక్క లేదని మా అత్త చెప్పింది. ఏ ఓటీపీ అక్కర్లేని సమ్మతి అది. దాన్ని తలచుకుంటే నాకిప్పటికీ కళ్లు తడుస్తాయి.

కొన్ని నెలలకు ప్రోత్సాహకం కూడా వచ్చింది, అడిగి ఎక్కించిన రికార్డులకే. డాక్టరమ్మ మాట తప్పే మనిషి కాదు. తిరిగే కుర్చీ కొన్నది. నల్లది, మెత్తది, చేతులున్నది. దాన్ని హాల్లో వేసి, ప్రతి మంగళవారం సుంకన్నను పిలిపించి అందులో కూర్చోబెడుతుంది. వచ్చిన రోగికి సంగతంతా విడమరిచి చెప్పి, "నీకిష్టమేనా, ఎక్కించమంటావా?" అని అడగడం ఆయన పని. రోగి సరేనంటే పక్కన చెక్క స్టూలు మీద కూర్చుని టైపు చేయడం నా పని. దస్తగిరమ్మ కూతురు టీకాలకు వచ్చినప్పుడల్లా ఆ కుర్చీ ఎక్కి నాలుగు చుట్లు తిరుగుతుంది. నేనింకా ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

కాబట్టి, ఇందుమూలముగా సమస్తమైనవారికీ తెలియజేయడమేమనగా: మహబూబ్ బాషా అను నేను, ఈ బనగానపల్లె మామిడిపండు మీద చెయ్యి పెట్టి, అవును చెయ్యి మాత్రమే, నూర్జహాన్ గుమ్మంలో నిలబడి చూస్తోంది, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడగనిదే ఎవరి రోగాన్నీ ఎవరి ఫోనుకూ పంపను. అడగకుండా అడిగానని చెప్పను. ముఖ్యంగా, నా సంగతి ఎవరైనా అడిగితే నాకేం దాపరికం అని జన్మలో అనను. ప్రమాణం అయిపోయింది. పండును ఒక్కసారి వాసన చూసి, నూర్జహాన్ చేతికి ఇచ్చేశాను.